బీరువాలో పెట్టే గాజు సామాను: పాతదా కొత్తదా ఎలా పోల్చాలి, ఎలా కడగాలి, ఎలా దాచాలి

బ్రాడీపేట_మూడోలైను
హాల్లో ఆరడుగుల బీరువా ఒకటి గాజు సామానుకే కేటాయిస్తున్నాం. పాతవి, మధ్యకాలానివి, ఈనాటివి కలిపి పెట్టాలని ఆలోచన. గుంటూరు పట్నంబజారులో అడిగినా, బెజవాడ వన్‌టౌన్‌లో అడిగినా రంగు గాజు కనబడితే చాలు "బెల్జియం, వందేళ్ళ నాటిది" అంటున్నారు. మూడు సంగతులు తెలియాలి. షాపులో నిలబడి రెండు నిమిషాల్లో ఏం చూడాలి? లోపల తెల్లగా మసకబారిన కూజాలు తక్కువకి ఇస్తున్నారు, అవి బాగుపడతాయా? బీరువాకి ఏ అద్దం, ఏ లైటు వెయ్యాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

స్ఫటికం
ముందు వస్తువుని తలకిందులు చెయ్యండి. గాజులో జాతకమంతా అడుగు భాగంలోనే ఉంటుంది.

ఊదిన గాజయితే తయారయ్యేటప్పుడు అడుగున ఒక ఇనుప కడ్డీకి అతికించి మూతి సరిచేస్తారు. కడ్డీ విరిచిన చోట గరుకుగా మచ్చ మిగులుతుంది. మంచి పనివాళ్ళు ఆ మచ్చని సానబట్టి నున్నటి గుంట చేస్తారు. గరుకు మచ్చ ఉన్నంత మాత్రాన పాతదని తీర్మానించకండి. ఫిరోజాబాద్‌లో ఇవాళ్టికీ అలాగే ఊదుతున్నారు. మచ్చ వల్ల చేత్తో చేసిందని మాత్రం తెలుస్తుంది.

తర్వాత అచ్చు గీత. పక్కల నుంచి మెడ దాకా వచ్చి మూతి కింద ఆగిపోతే ఆ మూతిని చేత్తో పూర్తిచేశారని అర్థం. మూతి అంచు మీదుగా కూడా గీత సాగితే అది యంత్రం పని. సీసాలు పూర్తిగా యంత్రంలో తయారవడం 1903లో మైకేల్ ఓవెన్స్ యంత్రంతో మొదలైంది. కాబట్టి అంచు దాటిన గీత ఉన్న సీసాని 1850 నాటిదని ఎవరన్నా అంటే కొనక్కర్లేదు.

మూడోది అరుగుదల. వందేళ్ళు బల్ల మీద జరిగిన వస్తువుకి అడుగున ఆనే వలయం మీద మాత్రమే గీతలుంటాయి. అవి అన్ని దిక్కులకీ, కొన్ని లోతుగా కొన్ని పైపైన ఉంటాయి. పది రెట్ల భూతద్దం పెట్టి చూస్తే గీతలన్నీ ఒకే దిక్కున, ఒకే లోతులో కనిపించాయనుకోండి, అది ఎమరీ పేపరు మీద రుద్దిన పాతదనం. బల్లకి ఆనని గుంట భాగంలో కూడా గీతలుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

చెక్కిన గాజుకీ అచ్చులో నొక్కిన గాజుకీ తేడా వేలికే తెలుస్తుంది. చక్రం మీద చెక్కిన అంచు చర్మానికి గుచ్చుకుంటుంది. అచ్చులో పోసిన అంచు గుండ్రంగా, కరిగినట్టు ఉంటుంది. డిజైను మధ్యలోంచి అచ్చు గీత పోతుంటే అది నొక్కినదే.

రంగు సంగతి. కోబాల్టు నీలం, బంగారంతో వచ్చే కెంపు రంగు, రాగితో వచ్చే ఆకాశ నీలం, ఇవి గాజు ఒంట్లోనే ఉంటాయి. ఇప్పుడు అలంకరణ షాపుల్లో అమ్మే వాటిలో చాలావరకు తెల్ల గాజుకి లోపల్నుంచి లక్క రంగు కొట్టినవి. దూది పుల్లకి అసిటోన్ (గోళ్ళ రంగు తుడిచేదే) కాస్త అద్ది అడుగున రుద్దండి, పూసిన రంగయితే దూదికి అంటుతుంది. అలాంటి వాటిలో నీళ్ళు పోసి పూలు పెడితే కొన్నాళ్ళకే పెచ్చులు లేస్తాయి. షాపులో రుద్దే ముందు యజమానిని అడగడం మర్యాద.

పటమట_పాతసామాను
స్ఫటికం గారు చెప్పినదానికి గుర్తుల సంగతి కలుపుతున్నా. మన దగ్గర ఏం దొరుకుతాయో తెలిస్తే వెతకడం తేలిక.

పాత ఇళ్ళు పడగొట్టేటప్పుడు గుజిరీకి వచ్చేవి: హండీలు (వేలాడదీసే గాజు దీపాలు), లాంతరు చిమ్నీలు, తలుపుల పైన వెంటిలేటర్లకి వేసిన రంగు అద్దాలు, బెల్జియం అద్దాలు, అత్తరు సీసాలు, గోళీసోడా సీసాలు. మన దేశంలో తయారైనవాటిని చులకన చెయ్యకండి. కరాడ్ దగ్గర ఓగలేవాడిలో ఓగలే గ్లాస్ వర్క్స్ వాళ్ళు చేసిన ప్రభాకర్ లాంతర్లు, ఫిరోజాబాద్ జైన్ గ్లాస్ వర్క్స్ వాళ్ళ నెమలికంఠం మెరుపు గ్లాసులు, అలెంబిక్ వాళ్ళ యెరా గ్లాసులు అన్నీ సేకరించదగ్గవే. జైన్ వాళ్ళ గ్లాసుల్లో కొన్నిటికి అడుగున లోపలివైపు జైన్ అని ఇంగ్లీషు అక్షరాలు అచ్చులోనే పడి ఉంటాయి. ఈ మెరుపు గాజుని కార్నివాల్ గ్లాస్ అంటారు. వేడిగా ఉన్న గాజు మీద లోహ లవణాలు చల్లితే ఆ పొర వస్తుంది. అమెరికాలో ఫెంటన్ వాళ్ళు 1907లో మొదలుపెట్టారు. మన జైన్ గ్లాసుల కోసం విదేశాల్లో కూడా వెతికేవాళ్ళున్నారు. ఇక్కడ వంటింటి అటక మీద పడి ఉంటున్నాయి, బాధగా ఉంటుంది.

దేశం పేరు కాలం చెబుతుంది. చెకోస్లోవాకియా అని ఉంటే 1918కీ 1992కీ మధ్య. ఆక్యుపైడ్ జపాన్ అంటే 1945 నుంచి 1952. వెస్ట్ జర్మనీ అంటే 1949 నుంచి 1990. మిల్లీలీటర్ల లెక్క అచ్చులో పడి ఉన్న మన దేశపు సీసా మెట్రిక్ కొలతలు వచ్చాక చేసింది, అంటే 1956 చట్టం తర్వాతిది.

గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెల్లో డ్యూరలెక్స్, లూమినార్క్ అనే ఫ్రాన్సు కంపెనీల గ్లాసులు బోలెడు. డ్యూరలెక్స్ అడుగున ఉండే చిన్న అంకె అచ్చు నంబరు, సంవత్సరం కాదు. 32 అని ఉంది కాబట్టి 1932 నాటిదని అమ్మేవాళ్ళుంటారు, నమ్మకండి.

స్టిక్కరుని లెక్కలోకి తీసుకోవద్దు. మురానో (వెనీసు దగ్గరి గాజు పనికి పేరుపడ్డ దీవి) అని బంగారు స్టిక్కరు ఏ సీసాకైనా అంటించొచ్చు. అసలు మురానో పాత సామానులో చాలావాటికి సంతకమే ఉండదు. వెట్రో ఆర్టిస్టికో మురానో అన్న అధికారిక గుర్తు 1994 తర్వాత వచ్చింది.

బ్రాడీపేట_మూడోలైను
చాలా ఉపయోగం అండి. ఇంకో అనుమానం. క్రిస్టల్ అని అమ్మేవి వేలితో మీటితే గంటలా మోగితే చాలా?

స్ఫటికం
చాలదు. పల్చటి మామూలు గాజు గ్లాసు కూడా మోగుతుంది. బరువైన సీసపు (లెడ్ కలిపిన) గాజు కూజా మెడ సన్నగా, ఒళ్ళు మందంగా ఉంటే సరిగా మోగకపోవచ్చు. మోత ఆకారాన్ని బట్టి మారుతుంది. సాంద్రత మారదు. ఇంట్లో వంటింటి కాటా మీదే కొలవొచ్చు.

ఒక గ్రాము తేడా చూపించే కాటా, వస్తువు మునిగేంత ప్లాస్టిక్ బకెట్, గట్టి దారం చాలు. వస్తువుని పొడిగా తూచి రాసుకోండి. బకెట్లో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. వస్తువుకి దారం కట్టి నీళ్ళలో పూర్తిగా ముంచి వేలాడదీయండి. అడుక్కి, పక్కలకి తగలకూడదు, లోపల గాలి బుడగ ఉండకూడదు. ఇప్పుడు కాటా చూపించే గ్రాములే దాని ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి బరువుని దీంతో భాగించండి.

ఉదాహరణకి పొడిగా 620 గ్రాములు, ముంచితే 205 చూపించింది. 620ని 205తో భాగిస్తే 3.02. అది సీసపు క్రిస్టలే. మామూలు సోడా గాజు 2.5 దగ్గర ఉంటుంది, బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) 2.23. సీసం 24 శాతం ఉన్నది 2.9 చుట్టుపక్కల, 30 శాతం ఉన్నది 3 దాటి ఉంటుంది. 2.6, 2.7 వస్తే సీసం లేకుండా బేరియమో జింకో కలిపిన ఈనాటి క్రిస్టల్ అయ్యుండొచ్చు. బుడగ ఒకటి ఉండిపోయినా లెక్క తప్పుతుంది కాబట్టి రెండు మూడుసార్లు ముంచి చూడండి. బంగారు పూత, అతుకులు, లోహపు మూత ఉన్నవాటికి ఈ పద్ధతి వద్దు.

సీసపు క్రిస్టల్ ఇంగ్లండులో రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో పేటెంటు తీసుకున్నప్పటి నుంచి ఉంది. చూడ్డానికి దానికి సాటి లేదు. ఆ కూజాల్లో పచ్చళ్ళు, నిమ్మరసం, మద్యం నిలవ పెట్టకండి. పులుపు సీసాన్ని లాగుతుంది.

గోళీసోడా
సీసాల వైపు నుంచి నాలుగు మాటలు. బీరువాలో అన్నీ ఖరీదైనవే ఉండనక్కర్లేదు. కింది అర మీద పాత గోళీసోడా సీసాలు అరడజను పెట్టి వెనకనుంచి వెలుతురు పడేలా చేస్తే ఆ లేత పచ్చ రంగే అందం. గాజు ఇసకలో ఉన్న ఇనుము వల్ల వచ్చే రంగు అది.

ఈ సీసాకి ఇంగ్లండులో హైరం కాడ్ 1872లో పేటెంటు తీసుకున్నాడు. మెడలో రబ్బరు వలయం, కింద గోళీ. సీసాని తలకిందులు చేసి సోడా నింపితే గోళీ రబ్బరు మీదికి జారుతుంది, గ్యాసు ఒత్తిడి దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. మెడ కింద రెండు నొక్కులుంటాయి. ఒంపేటప్పుడు గోళీ వాటిలో చిక్కుకుని దారి మూసెయ్యకుండా ఆగుతుంది. కొనేటప్పుడు చూడాల్సినవి: గోళీ అసలుదేనా, నొక్కుల దగ్గర నెర్రె ఉందా, మూతి లోపలి గాడి పెచ్చులూడిందా. నెర్రె కంటికి కనబడకపోతే టార్చి పక్కనుంచి వెయ్యండి, వెండి దారంలా మెరుస్తుంది.

పెళ్ళిళ్ళకి, సోడా బండ్లకి ఇప్పుడు కొత్త గోళీ సీసాలు విరివిగా వస్తున్నాయి. వాటిలో గాజు తెల్లగా, మందం అంతటా ఒకేలా ఉంటుంది. పాతవాటిలో చిన్న బుడగలు, మెలికలు, మందంలో తేడాలు ఉంటాయి.

పాత సీసా చేతికొస్తే దాంట్లో సోడా నింపించే పని మాత్రం పెట్టుకోవద్దు. నెర్రె ఉన్న సీసా ఒత్తిడికి పేలుతుంది.

ఇంకో హెచ్చరిక. పాతకాలపు తెల్ల గాజులో పచ్చ రంగు పోవడానికి మాంగనీసు కలిపేవాళ్ళు. అది ఏళ్ళ తరబడి ఎండ తగిలితే లేత ఊదా రంగుకి తిరుగుతుంది. కొందరు రేడియేషన్ పెట్టించి ఆ రంగు కావాలని తెప్పిస్తారు. ముదురు వంకాయ రంగులో కనబడితే దూరంగా ఉండండి. ఎండకి వచ్చే రంగు లేతగానే ఉంటుంది.

కొత్తపేట_మరమ్మతు
మసక కూజాల గురించి ఎవరూ చెప్పలేదు. అసలు డబ్బు పోయేది అక్కడే.

మసక రెండు రకాలు. ఒకటి గార, అంటే బోరు నీళ్ళ సున్నం పేరుకోవడం. ఇది పోతుంది. రెండోది గాజే తినేయబడటం. నీళ్ళు నెలల తరబడి లోపల నిలవుంటే గాజులోని సోడా బయటికి వచ్చేసి, పైపొర స్పాంజిలా అవుతుంది. ఇది కడిగితే పోదు. రెండూ తడిపినప్పుడు మాయమై ఆరగానే కనబడతాయి కాబట్టి నీళ్ళతో తేల్చలేరు. పైగా కొందరు లోపల కొబ్బరినూనె పూసి అమ్ముతారు, మసక కనబడదు. వేలు పెట్టి చూడండి. జిడ్డు తగిలితే సబ్బుతో కడిగి ఆరబెట్టాకే బేరం అని చెప్పండి.

గార తీసే పద్ధతి: లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 15 గ్రాముల నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే. మసక ఉన్నంత మేర నింపి రాత్రంతా ఉంచండి. పొద్దున ఒంపేసి గుప్పెడు బియ్యం, కాసిని నీళ్ళు పోసి మెల్లగా గిరగిరా తిప్పండి. పొర పలచబడితే అది గారే, మళ్ళీ అలాగే చెయ్యండి. రెండో రాత్రికి కూడా ఏ మార్పూ లేకపోతే అది తినేసిన గాజు. అక్కడితో ఆపండి. దాన్ని లోపల యంత్రంతో పాలిష్ చేయించడం ఒక్కటే దారి. మామూలు కూజాకి అది గిట్టుబాటు కాదు.

ఆఖరి కడుగు మాత్రం బోరు నీళ్ళతో వద్దు. గుంటూరులో చాలా వీధుల్లో బోరు నీళ్ళు గిన్నె మీద ఆరితేనే తెల్ల మచ్చ పడతాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక గ్లాసు చాలు, దాంతో తొలిచి తలకిందులుగా గుడ్డ మీద ఆరబెట్టండి. మూతి బల్లకి పూర్తిగా ఆనితే లోపల ఆవిరి నిలుస్తుంది, ఒక పక్క పుల్ల పెట్టి ఎత్తండి.

నిమ్మ ఉప్పు వాడకూడనివి: బంగారు గీత ఉన్నవి, ఎనామెల్ పువ్వులు వేసినవి, కార్నివాల్ మెరుపు గాజు, వెనక కళాయి ఉన్న అద్దాలు. వీటికి చల్లటి నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి నూలు గుడ్డ, అంతే.

పటమట_పాతసామాను
చాలామంది ఇనుప గోళీలు, ఇసక వేసి తిప్పుతారు. బాత్రూం యాసిడ్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు. పనిచేస్తుందంటారు గదా?

కొత్తపేట_మరమ్మతు
ఇసక గాజు కంటే గట్టిది. గాజు గట్టితనం మోస్ కొలతలో (ఏది దేన్ని గీస్తుందో చెప్పే 1 నుంచి 10 దాకా లెక్క) 5.5 చుట్టూ, ఇసకలోని క్వార్ట్‌జ్ 7. గారతో పాటు గాజునీ గీస్తుంది, మసక ఇంకా పెరుగుతుంది. అందుకే దుమ్ము పట్టిన గాజుని పొడి గుడ్డతో తుడవద్దని చెప్పేది కూడా. మన రోడ్ల దుమ్ములో ఉండేది చాలావరకు అదే. ముందు కుచ్చు బ్రష్‌తో దులిపి, తర్వాత తడి గుడ్డ. బాత్రూం యాసిడ్ గారని తీస్తుంది నిజమే, కానీ ఆవిరి ఊపిరితిత్తులకి చెడ్డది, బంగారు పూత, ఇత్తడి అమరికలు పాడైపోతాయి. నిమ్మ ఉప్పుతో అయ్యే పనికి అంత దూరం ఎందుకు?

ఇంకొకటి, ఇది మన ఊళ్ళకి ప్రత్యేకం. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గరున్న మందపాటి కూజాని తెచ్చి నేరుగా ఆ కుళాయి కింద పెడితే అడుగు నుంచి నిలువునా బీట తీస్తుంది. మందం ఎంత ఎక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ, ఎందుకంటే పైపొర వ్యాకోచించినా లోపలి గాజు ఇంకా చల్లగానే ఉంటుంది. నీళ్ళు బకెట్లో పట్టి వస్తువుతో పాటు ఒకే గదిలో రెండు గంటలు ఉంచి అప్పుడు కడగండి.

సింగ్‌నగర్_వాసి
2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన పెట్టెలు కొన్ని ఇంకా విప్పనివి ఉన్నాయి. లోపల వార్తాపత్రికల్లో చుట్టిన గ్లాసులు, ఒక పాత అద్దం. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపేట_మరమ్మతు
కాగితాన్ని పీకకండి. పెట్టె మొత్తం బల్ల మీద పెట్టి ఒక్కో పొట్లం టబ్బులో మామూలు నీళ్ళలో నానబెట్టండి. ఒండ్రు ఎండి అతుక్కుని ఉంటుంది, దానిలో సన్న ఇసకే ఎక్కువ, రుద్దితే గీతలు ఖాయం. కాగితం దానంతటదే ఊడాక, నీళ్ళు మార్చి మళ్ళీ నానబెట్టి, కింద ఒండ్రు దిగడం ఆగేదాకా అలాగే చెయ్యండి. ఆ తర్వాతే సబ్బు, గుడ్డ. రబ్బరు చేతొడుగులు వేసుకోండి. వరద నీళ్ళల్లో ఏమేం కలిశాయో చెప్పలేం, పగిలిన ముక్కలు కూడా ఉంటాయి.

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసులని మెలి తిప్పొద్దు. సందులో రెండు చుక్కల గ్లిజరిన్ వేసి రాత్రంతా వదిలేయండి. లోపలి గ్లాసులో చల్లటి కుళాయి నీళ్ళు పోసి, బయటి గ్లాసుని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి నిటారుగా లాగండి. ఐసు, మరిగే నీళ్ళు రెండూ వద్దు. ఇరుక్కుపోయిన గాజు బిరడాలకి కూడా గ్లిజరిన్ మందే.

అద్దాన్ని మాత్రం నానబెట్టకండి. వెనక కళాయి తగరం, పాదరసం కలిసినదా, వెండిదా ముందు చూడాలి. వెండి పూత పద్ధతి 1835లో లీబిగ్ కనిపెట్టినా, పాదరసం అద్దాలు ఆ శతాబ్దం చివరిదాకా తయారయ్యాయి. పాత అద్దం అంచున తెల్ల కాగితం ఆనించి చూడండి. పాదరసం అద్దంలో ప్రతిబింబం కాస్త బూడిద నీలంగా, కింది అంచు దగ్గర మెరిసే గింజలుగా కనిపిస్తుంది. అదయితే వెనక గీకొద్దు, పడుకోబెట్టొద్దు, పడగ్గదిలో పెట్టొద్దు. నిలబెట్టే ఉంచి ఆరనివ్వండి. కొత్త కళాయి వేయిస్తే పాత అద్దం విలువ పోతుంది. మచ్చలతోనే ఉంచడం మేలు.

లస్తర్
హండీలు, షాండ్లియర్లు తగిలించే సంగతి చెప్తాను. హండీ పగిలేది ఎక్కువగా ఇత్తడి వలయం దగ్గరే. వలయానికి మూడు స్క్రూలుంటాయి, వాటిని బిగించేస్తారు. బల్బు వేడికి గాజు, ఇత్తడి వేరువేరుగా సాగుతాయి, స్క్రూ మొన దగ్గర నెర్రె పుడుతుంది. వేలితో తగిలేదాకా బిగించి, అర చుట్టు వెనక్కి తిప్పండి. గాజుకీ లోహానికీ మధ్య ఫెల్ట్ ముక్క పెట్టండి. 60 వాట్ల పాత బల్బు తీసేసి 5 వాట్ల ఎల్‌ఈడీ వెయ్యండి, వెలుగు సరిపోతుంది, వేడి ఉండదు.

శ్లాబుకి పాత కొక్కెం ఉంటే నమ్మకండి, తుప్పు లోపలే ఉంటుంది. కొత్తగా 10 మిల్లీమీటర్ల యాంకరు బిగించి, దానికి వస్తువు బరువుకి నాలుగు రెట్లు ఇసక బస్తా రోజంతా వేలాడదీసి చూశాకే గాజు ఎక్కించండి. ఇత్తడి ఒంటికి ఎర్తింగు వైరు తప్పనిసరి. పాత గుడ్డ చుట్టిన వైర్లు అన్నీ మార్చాలి.

షాండ్లియర్ కడిగేటప్పుడు స్ప్రే కొట్టొద్దు. ద్రవం ఇత్తడి పిన్నుల్లోకి, హోల్డర్లలోకి దిగుతుంది. ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఒక్కో వరస పూసలు తీసి నంబరు రాసిన కవర్లలో వెయ్యండి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ మూడు పాళ్ళు కలిపి గుడ్డకి అద్ది తుడవండి. తుప్పు పట్టిన ఇనుప పిన్ను కనబడితే ఇత్తడి తీగతో మార్చండి.

బెల్జియం మాట వచ్చింది కాబట్టి: అక్కడి వాల్ సెయింట్ లాంబెర్ కార్ఖానా 1826లో మొదలైంది, గొప్పదే. మన దేశానికి వచ్చిన పెద్ద షాండ్లియర్లలో మాత్రం బర్మింగ్‌హామ్ ఓస్లర్ వాళ్ళవి చాలా ఉన్నాయి. వాళ్ళకి కలకత్తాలో షోరూమే ఉండేది. 1851 లండన్ మహా ప్రదర్శనలో 27 అడుగుల క్రిస్టల్ ఫౌంటెన్ పెట్టింది వాళ్ళే. కాబట్టి ఇత్తడి భాగాల మీద, మధ్య కాండం మీద పేరేమైనా చెక్కి ఉందేమో చూడండి. మంచి గాజు ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం గాజు గది ఒక పూట నిదానంగా చూడండి. వెనీసు, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లండు గాజు పక్కపక్కనే ఉంటుంది. ఆ తర్వాత షాపులో చెప్పే కబుర్లు చెవికెక్కవు.

బ్రాడీపేట_మూడోలైను
బీరువా కొత్త ప్లైవుడ్‌తో చేయిస్తున్నాం, తలుపులు గట్టిగా మూసుకునేలా. దుమ్ము రాదు కదా అని.

స్ఫటికం
అక్కడే జాగ్రత్త అండి. కొత్త ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. మూసిన బీరువాలో, వానాకాలపు చెమ్మలో అది గాజు పైకి వచ్చిన సోడాతో కలిసి తెల్లటి ఉప్పు పొర వేస్తుంది. సోడా ఎక్కువున్న పాత గాజు మీద ఇంకా తొందరగా. తలుపులు తెరిచి బీరువాని రెండు నెలలు గాలికి వదలండి. లోపల అన్ని వైపులా లామినేట్ వెయ్యండి, కోసిన అంచులు కూడా వదలొద్దు. వెనక పలకకి పైనా కిందా సన్న జాలీ ఉన్న చిన్న రంధ్రాలు రెండు పెట్టిస్తే చాలు.

అరలకి 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం. రెండడుగుల వెడల్పు దాటితే మధ్యలో ఆసరా. టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కోయలేరు, రంధ్రం పెట్టలేరు, కాబట్టి కొలతలు, రంధ్రాలు, అంచు పాలిష్ అన్నీ ముందే రాసివ్వండి. బరువైనవి కింది అరలోనే.

లైటు 3000 కెల్విన్ ఎల్‌ఈడీ స్ట్రిప్పు, డ్రైవరు బీరువా బయట. హాలోజెన్ వద్దు. ఎండ నేరుగా పడే చోట బీరువా పెట్టొద్దు. గుండ్రటి పేపర్‌వెయిట్, నీళ్ళున్న గాజు గోళం భూతద్దంలా పనిచేసి కర్రని కాల్చగలవు, నిప్పు కూడా అంటుకుంటుంది.

చెమ్మ కొలిచే చిన్న మీటరు ఒకటి లోపల పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. ఏదైనా గాజు ముట్టుకుంటే జిడ్డుగా, చెమట పట్టినట్టు ఉంటే అది గాజు జబ్బు. సున్నం తక్కువ, క్షారం ఎక్కువ కలిసిన గాజుకి వస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టి, గాలి ఆడే చోట విడిగా పెట్టండి. లోపల సన్నటి నెర్రెల వల కనబడుతుంటే సిలికాజెల్ సంచులు గుమ్మరించొద్దు. మరీ పొడిబారినా ఆ నెర్రెలు విచ్చుకుంటాయి.

పటమట_పాతసామాను
బస్సులు తిరిగే రోడ్డు పక్క ఇళ్ళల్లో, వినాయక నిమజ్జనం డప్పులప్పుడు అద్దపు అర మీద సామాను కొద్దికొద్దిగా జరుగుతుంది. నెల తర్వాత చూస్తే అంచుకి వచ్చి ఉంటుంది. అడుగున మూడు చోట్ల శనగగింజంత మ్యూజియం వ్యాక్స్ (వస్తువుని కదలకుండా పట్టి ఉంచే మెత్తటి మైనం) పెట్టి నొక్కితే కదలదు. తీసేటప్పుడు మెలి తిప్పి తీయాలి, పైకి లాగకూడదు. జెల్ రకం వద్దు, మన ఎండలకి జారుతుంది.

గోళీసోడా
గాజు రకం పోల్చే యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి గురించి కూడా చెప్పండి, అందరూ అడుగుతారు.

స్ఫటికం
రెండు రకాలు దొరుకుతాయి, 395 నానోమీటర్లు, 365 నానోమీటర్లు. 395లోనే గాజు పచ్చగా భగ్గున వెలిగితే యురేనియం గాజు. 365లో మాత్రమే లేతపచ్చగా కనబడితే మాంగనీసు. పసుపు, నారింజ వెలుగు కాడ్మియం. 1830ల్లో బొహీమియాలో రీడెల్ కుటుంబం యురేనియం గాజుని బాగా ప్రచారంలోకి తెచ్చింది. సాధారణంగా 2 శాతం దాకా యురేనియం ఉంటుంది. బీరువాలో పెట్టుకోవడానికి భయం లేదు, కానీ దాంట్లో తాగొద్దు, పెచ్చు పోయిందని సానబట్టొద్దు. ఆ పొడి లోపలికి పోకూడదు.

అదే అదనుగా నకిలీ సంతకాల మాట. ఫ్రాన్సు గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో పోయాడు. రొమేనియాలో ఈనాడు చేసే గాలే తరహా దీపాల మీద సంతకం పక్కన టీఐపీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఆ తరహాది అని దాని అర్థం. కొందరు ఆ మూడక్షరాలూ అరగదీసి అమ్ముతారు. సంతకం పక్కన గాజు కాస్త పల్లంగా, మసకగా ఉంటే వదిలేయండి. మరో ఫ్రాన్సు గాజు కళాకారుడు లలీక్ అయితే ఆర్ అన్న పొడి అక్షరంతో సంతకం ఉన్నవి సాధారణంగా రెనే లలీక్ బతికున్నంత కాలానివి, అంటే 1945 దాకా. ఆ అక్షరాన్ని తర్వాత చేర్చి అమ్మడం కూడా ఉంది, చెక్కిన గీత లోపల భూతద్దంతో చూడండి.

కొత్తపేట_మరమ్మతు
పెచ్చులు, పగుళ్ళు. ఫెవిక్విక్ గాజుకి వద్దు. చెమ్మకి పట్టు వదులుతుంది, చుట్టూ తెల్ల పొగ మచ్చ వదిలిపోతుంది. మామూలు అరాల్డైట్ పసుపు తిరుగుతుంది. మ్యూజియంల వాళ్ళు వాడేది హెక్స్‌టాల్ అనే ఎపాక్సీ. బరువులో 3 పాళ్ళకి 1 పాలు, గ్రాములో పదోవంతు చూపించే కాటా మీద తూచి కలపాలి. కంటితో కొలిస్తే గట్టిపడదు. ముక్కలని అసిటోన్‌తో తుడిచి, జిగురు లేకుండానే సరిగ్గా కూర్చి, అడ్డంగా టేపు ముక్కలు వేసి బిగించండి. అప్పుడు సూది మొనతో జిగురు చుక్కని పగులు మీద ఆనిస్తే దానంతటదే లోపలికి పాకుతుంది. వారం రోజులు కదపొద్దు. అతికిన కూజాలో మళ్ళీ నీళ్ళు పొయ్యొద్దు.

అంచున బియ్యపు గింజంత పెచ్చుకి సానబట్టడం చాలు. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపరు 220, 400, 800, 1200 తీసుకోండి. గాజునీ పేపరునీ తడిగానే ఉంచి, ఒక్కో నంబరులో ముందరి గీతలు పోయేదాకా రుద్దాలి. ఆఖర్న సీరియం ఆక్సైడ్ (గాజు పాలిష్ పొడి) తడి ముద్దని ఫెల్ట్ మీద వేసి రుద్దితే మెరుపు వస్తుంది. మాస్కు పెట్టుకోండి, పొడిగా రుద్దొద్దు. సీసపు గాజయితే ఆ బురద వంటింటి సింకులో పొయ్యొద్దు. నిజంగా పాతదీ అరుదైనదీ అయితే పెచ్చు అలాగే ఉంచండి. సానబట్టిన అంచుని తెలిసినవాళ్ళు వెంటనే పట్టేస్తారు, ఆకారం కొలతలు మారిపోతాయి.

లస్తర్
చట్టం కూడా గుర్తుంచుకోండి. 1972 పురావస్తువుల చట్టం కింద వందేళ్ళు దాటిన కళావస్తువుని దేశం బయటికి పంపకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకి పాత హండీ పార్శిల్ కడదామనుకుంటే కుదరదు.

బ్రాడీపేట_మూడోలైను
విజయవాడ నుంచి గుంటూరుకి నాలుగు కూజాలు ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవాలి. అమ్మేవాళ్ళకి ఎలా కట్టమని చెప్పాలి?

పటమట_పాతసామాను
బిరడా తీసి విడిగా చుట్టమనండి, మెడలో ఉండగా పంపితే మెడే విరుగుతుంది. కూజా లోపల మెత్తటి కాగితం వదులుగా నింపాలి, కూరకూడదు. ఒక్కోదానికీ ముందు తెల్ల కాగితం, తర్వాత బబుల్ చుట్టు మూడు నాలుగు పొరలు. వార్తాపత్రిక నేరుగా తగలకూడదు, సిరా అంటుతుంది. ఒక్కోటీ విడి డబ్బాలో, ఆ నాలుగు డబ్బాలూ పెద్ద డబ్బాలో, అన్ని వైపులా రెండంగుళాల థర్మాకోల్ ఉండాలి. పెద్ద డబ్బాని ఊపితే లోపల ఏ కదలికా తెలియకూడదు. కట్టకముందు ఒక్కోదాని మూతి, అడుగు ఫొటోలు పంపమనండి. మీరు విప్పేటప్పుడు టేపు కోయడం దగ్గర్నుంచి వీడియో తీయండి. డబ్బా ఏసీ గదిలోకి తేగానే విప్పకండి, ఎండలో వచ్చిన గాజు గది వేడికి దిగేదాకా మూడు నాలుగు గంటలు అలాగే వదిలేయండి.